సూది మొన ఎక్కడుంది? మెడలో లైను వేసేటప్పుడు అల్ట్రాసౌండ్ చూపేవి, చూపనివి

ఐసీయూ బయట కూర్చున్న కుటుంబం చేతికి ఒక కాగితం వస్తుంది. "మెడలో లైను వేయాలి, సంతకం పెట్టండి" అంటారు. లైను అంటే మెడలోని రక్తనాళంలోంచి గుండె దగ్గరి దాకా పంపే పొడవాటి గొట్టం. కాగితంలో రక్తస్రావం, ఊపిరితిత్తికి గాయం, ఇన్‌ఫెక్షన్ అని వరుసగా రాసి ఉంటుంది. చేతికి సెలైన్ ఎక్కుతూనే ఉంది కదా, మళ్లీ మెడలో ఎందుకు? స్కానింగ్ (అల్ట్రాసౌండ్) చూస్తూ వేస్తామంటున్నారు, స్కానింగ్‌కూ సూదికీ సంబంధం ఏమిటి? అడగాలని ఉన్నా ఆ క్షణంలో అడిగే ధైర్యం ఉండదు, చెప్పే తీరిక వైద్యులకూ ఉండదు. తీరికగా ఉన్నప్పుడు చదువుకోవడానికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట సరిచేసుకుందాం. "నరం దొరకలేదు, నాలుగుసార్లు గుచ్చారు" అని మన ఇళ్లలో అంటుంటాం. అక్కడ గుచ్చింది నరాన్ని కాదు, సిరను. నరం మెదడుకూ శరీరానికీ మధ్య సంకేతాలు మోసే తీగ. ఒంట్లోని రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే గొట్టం సిర. గుండె నుంచి రక్తాన్ని బయటకు తీసుకెళ్లే గొట్టం ధమని. ఇకముందు చెప్పబోయేదంతా సిరకూ ధమనికీ ఉన్న తేడా మీదే నడుస్తుంది.

చేతి సిర చాలనప్పుడు

ముంజేతి సిర సన్నగా ఉంటుంది. అందులో ప్రవహించే రక్తమూ తక్కువే. గుండెకు పైభాగాన ఉండే పెద్ద సిరలో నిమిషానికి దాదాపు రెండు లీటర్ల రక్తం పారుతుంది. ఘాటైన మందు అక్కడ పడితే ఆ ప్రవాహంలో వెంటనే పలచబడిపోతుంది. అదే మందు చేతి సిరలో పడితే గోడను కాల్చినట్లు దెబ్బతీయవచ్చు, బయటకు కారితే చుట్టూ ఉన్న కండ, చర్మం చచ్చుబడవచ్చు. పడిపోయిన రక్తపోటును నిలబెట్టే నారడ్రినలిన్, కొన్ని కీమో మందులు, నోటితో తినలేని రోగికి సిర ద్వారా ఇచ్చే చిక్కటి పోషక ద్రవాలు ఈ కోవలోవే. డయాలిసిస్‌కు కారణం వేరు. అక్కడ నిమిషానికి వందల మిల్లీలీటర్ల రక్తాన్ని బయటకు తీసి, శుద్ధిచేసి, తిరిగి ఎక్కించాలి. చేతి సిర ఆ వేగాన్ని తట్టుకోలేదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో ఈ మెడ గొట్టం గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. చేతిలో ఫిస్టులా (డయాలిసిస్ కోసం ధమనినీ సిరనూ ఆపరేషన్‌తో కలిపి చేసే దారి) సిద్ధమయ్యేలోపు డయాలిసిస్ మొదలుపెట్టవలసి వస్తే దారి అదే.

ఈ పొడవాటి గొట్టాన్నే సెంట్రల్ లైన్ అంటారు. దాన్ని మూడు చోట్ల నుంచి లోపలికి పంపుతారు. ఒకటి మెడ పక్కన ఉండే జుగులార్ సిర, రెండోది కాలర్ ఎముక కింద ఉండే సబ్‌క్లేవియన్ సిర, మూడోది గజ్జల్లో ఉండే ఫీమోరల్ సిర. మెడ నుంచో, కాలర్ ఎముక కింద నుంచో వేస్తే గొట్టం కొస గుండె పై గది వాకిట్లోకి చేరాలి.

అసలు ఈ లైను అవసరమా అన్న ప్రశ్న కూడా ఇప్పుడు మునుపటికంటే గట్టిగా వినిపిస్తోంది. ఇన్‌ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చే సెప్సిస్ చికిత్సపై 2021లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, సెంట్రల్ లైన్ వేసేదాకా నారడ్రినలిన్‌ను ఆపి ఉంచడం కంటే చేతి సిర ద్వారానే మొదలుపెట్టడం మేలని సూచించాయి. కొద్ది గంటలకైతే చేతి సిర సరిపోవచ్చన్నమాట. వేయని లైనుతో ప్రమాదమే లేదు కాబట్టి, ఇది చిన్న విషయం కాదు.

వేళ్లతో తడిమి గుచ్చిన కాలం

1953లో స్వీడన్‌కు చెందిన రేడియాలజిస్టు స్వెన్ ఇవార్ సెల్డింగర్ ఒక పద్ధతిని ప్రచురించారు. ముందు సూదితో రక్తనాళంలోకి వెళ్లాలి. సూది లోంచి మెత్తని లోహపు వైరు పంపాలి. సూది తీసేసి, వైరు మీదుగా గొట్టాన్ని జార్చాలి. చివరికి వైరు లాగేయాలి. ఇప్పటికీ ప్రపంచమంతటా సెంట్రల్ లైన్ వేసేది ఈ క్రమంలోనే. చర్మంలోనూ కణజాలంలోనూ దారి వెడల్పు చేసే డైలేటరు అనే మొనదేలిన గట్టి గొట్టం మాత్రం మధ్యలో చేరింది.

సిర ఎక్కడుందో కనిపించదు కాబట్టి వైద్యులు శరీరం మీది గుర్తులను పట్టుకునేవారు. మెడ పక్క కండరం రెండు పాయలుగా చీలి కాలర్ ఎముకను తాకే చోట ఒక చిన్న త్రికోణం ఏర్పడుతుంది. దాని కొసన వేలు పెట్టి, పక్కనే కొట్టుకునే కరోటిడ్ ధమనిని తడిమి, దానికి బయటివైపు సూది గుచ్చేవారు. ఈ విద్యతో లక్షలాది ప్రాణాలు నిలిచాయి. దాన్ని తక్కువచేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు.

చిక్కంతా శరీరాలు పాఠ్యపుస్తకంలోని బొమ్మలా ఉండకపోవడంలో ఉంది. 200 మంది రోగుల మెడలను అల్ట్రాసౌండ్‌తో చూసి 1991లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, నూటికి ఎనిమిది మందికి పైగా సిర ఉండవలసిన చోట లేదు. కొందరిలో అది ధమని పక్కన ఉండక దాని మీదికే వచ్చి ఉంటుంది. కొందరిలో పెన్సిల్ ములుకంత సన్నగా ఉంటుంది. ఇంతకుముందు లైన్లు వేసినవారిలో రక్తం గడ్డకట్టి మూసుకుపోయి ఉండవచ్చు. తలను మరీ పక్కకు తిప్పితే, మామూలు మెడలో కూడా సిర ధమని మీదికి జరుగుతుంది. వేలికి వీటిలో ఏదీ తెలియదు. నాలుగోసారీ అయిదోసారీ గుచ్చే సూదికి కారణం చాలాసార్లు వైద్యుని నైపుణ్యలోపం కాదు, ఆ రోగి మెడ నిర్మాణమే.

ధ్వని బొమ్మగా మారే తీరు

మన చెవి సెకనుకు 20,000 కంపనాల వరకే వినగలదు. అంతకు మించినదాన్ని అల్ట్రాసౌండ్ అంటారు. మెడ సిరలను చూసే ప్రోబు, అంటే చర్మం మీద ఆనించే పరికరం, సెకనుకు సుమారు కోటి కంపనాల ధ్వనిని లోపలికి పంపుతుంది, తిరిగొచ్చే ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గుతుంది.

ఒంట్లో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,540 మీటర్లు. సిర గోడ చర్మానికి 1.5 సెంటీమీటర్ల లోతున ఉందనుకుందాం. ధ్వని వెళ్లి రావడానికి మూడు సెంటీమీటర్లు ప్రయాణించాలి. 0.03ను 1,540తో భాగిస్తే సుమారు 0.0000195 సెకను, అంటే దాదాపు 20 మైక్రోసెకన్లు. ప్రతిధ్వని 20 మైక్రోసెకన్లకు వస్తే, యంత్రం తెర మీద 1.5 సెంటీమీటర్ల లోతున ఒక చుక్క పెడుతుంది. ఇలాంటి చుక్కలు లక్షలుగా చేరి క్షణక్షణం మారే బొమ్మ అవుతుంది. రక్తం ప్రతిధ్వనిని దాదాపుగా పంపదు కాబట్టి నల్లగా కనిపిస్తుంది. లోహపు సూది గట్టిగా పంపుతుంది కాబట్టి తెల్లగా మెరుస్తుంది.

కంపనాలు పెరిగేకొద్దీ బొమ్మ స్పష్టంగా వస్తుంది కానీ ధ్వని లోతుకు వెళ్లలేదు. గర్భస్థ శిశువును చూసే ప్రోబు తక్కువ కంపనాలతో లోతుకు చూస్తుంది. మెడను చూసే బల్లపరుపు ప్రోబు నాలుగైదు సెంటీమీటర్ల లోపలి వాటిని మాత్రమే బాగా చూపిస్తుంది. ఈ తేడా చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

తెర మీద రెండు నల్లటి గుండ్రాలు కనిపిస్తాయి. ఏది సిర, ఏది ధమని? ప్రోబుతో మెల్లగా నొక్కితే సిర చప్పబడి మాయమవుతుంది, ధమని గుండ్రంగానే నిలిచి కొట్టుకుంటూ ఉంటుంది. సిరలో పీడనం చాలా తక్కువ, గోడ పలచన. నొక్కినా చప్పబడని సిరలో గడ్డ ఉండవచ్చు. అలాంటప్పుడు అటు వెళ్లకుండా మరో వైపు చూసుకుంటారు. ఒక్క సూది గుచ్చకముందే ఇంత సంగతి తెలిసిపోతుంది.

తెల్లని చుక్క చేసే మోసం

అల్ట్రాసౌండ్ అనగానే సూది ప్రయాణమంతా సినిమాలా కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ప్రోబు చూపేది ఒంట్లోంచి కోసిన పలచని పొరను. కత్తిపీట మీద అరటికాయ చక్రాల్లో ఒక్క చక్రాన్ని మాత్రమే చూస్తున్నట్లు. ఆ చక్రానికి అటూ ఇటూ ఏం జరుగుతోందో తెర చెప్పదు.

ఒక లెక్క వేద్దాం. సిర పై గోడ చర్మానికి ఒక సెంటీమీటరు లోతున, కింది గోడ రెండు సెంటీమీటర్ల లోతున ఉంది. ప్రోబును సిరకు అడ్డంగా పెట్టారు. దానికి 1.5 సెంటీమీటర్లు వెనక, సిర నడిచే దిక్కులోనే సూది గుచ్చారు. సూది చర్మంతో 45 డిగ్రీల కోణంలో ఉంటే, ప్రోబు కిందికి చేరేసరికి సరిగ్గా 1.5 సెంటీమీటర్ల లోతున, సిర నడుమ ఉంటుంది. చర్మం నుంచి సూది నడిచిన దూరం సుమారు 2.1 సెంటీమీటర్లు. అంతా సవ్యంగా ఉంది.

కోణాన్ని 60 డిగ్రీలకు పెంచండి. గుచ్చిన చోటు నుంచి సుమారు 0.6 సెంటీమీటర్లు ముందుకు వెళ్లేసరికే సూది పై గోడను చీల్చుతుంది. 1.15 సెంటీమీటర్ల దగ్గర కింది గోడను కూడా దాటేస్తుంది. ప్రోబు చూస్తున్న పొర ఇంకా ముందుంది, 1.5 సెంటీమీటర్ల దగ్గర. అంటే సూది సిరలోంచి రెండోవైపు బయటపడిపోయినా తెర మీద ఇంకా ఏమీ కనిపించదు. కనిపించలేదని ఇంకా తోస్తే, కింద ధమని గానీ ఊపిరితిత్తి పైకొస గానీ తగలవచ్చు.

ఇప్పుడు కోణాన్ని 30 డిగ్రీలకు తగ్గించండి. సూది ప్రోబు కిందికి వచ్చేసరికి సుమారు 0.87 సెంటీమీటర్ల లోతునే ఉంటుంది. తెర మీద సిరకు కాస్త పైన తెల్లని చుక్క కనిపిస్తుంది. ఇంకా సిరలోకి వెళ్లలేదని తోస్తారు. చుక్క కదలదు, ఎందుకంటే ఇప్పుడు కనిపిస్తున్నది మొన కాదు, సూది నడుము. మొన ఆ పొరను దాటి ముందుకు పోయింది, అక్కడ సిరలోకి దిగి కింది గోడ వైపు సాగుతోంది. తెర మాత్రం సూది ఇంకా బయటే ఉన్నట్లు చూపిస్తోంది.

ఇలా ప్రోబును సిరకు అడ్డంగా పెట్టి చూడడాన్ని అడ్డకోత అందాం. అడ్డకోతలో మొనకూ నడుముకూ ఒకటే ఆకారం, ఒక తెల్లని చుక్క. నా దృష్టిలో ఈ విషయం మొత్తానికీ ఆయువుపట్టు ఇదే. 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో శిక్షణలో ఉన్న వైద్యులు బొమ్మ మెడ మీద అల్ట్రాసౌండ్ చూస్తూనే సూది వేశారు. వారిలో సగానికి మించి తెలియకుండానే సిర వెనక గోడను చీల్చారు. అందరి ముందూ తెర ఉంది, సిర కనిపిస్తోంది. మొన మాత్రం కనిపించలేదు.

దీనికి విరుగుడుగా మొనను వెంబడించే పద్ధతి నేర్పుతారు. చుక్క కనిపించగానే సూదిని ఆపి, ప్రోబును కొద్దిగా ముందుకు జరుపుతారు. చుక్క మాయమైతే అంతవరకు చూసింది మొనే. మళ్లీ చుక్క కనిపించేవరకు సూదిని కొద్దిగా తోస్తారు. ఇలా మార్చిమార్చి, మొన సిర నడుమకు చేరేదాకా వెళ్తారు. నెమ్మదైన పని, రెండు చేతులూ ఒకదాని మాట ఒకటి వినాలి.

రెండో దారి నిలువుకోత. ప్రోబును సిర పొడవునా పెడితే సూది మొత్తం, మొనతో సహా గీతలా కనిపిస్తుంది. ఇందులో చిక్కేమిటంటే పక్కనున్న ధమని తెర మీద ఉండదు. ప్రోబు రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు జారినా చూస్తున్నది సిర కాక ధమని కావచ్చు. పొట్టి మెడ ఉన్నవారిలో, పసిపిల్లల్లో ప్రోబును పొడవునా పెట్టడానికి చోటే ఉండదు. ఏ కోత మంచిదన్న వాదన వైద్యుల్లో ఇప్పటికీ తెగలేదు. పక్కవాటిని చూడాలంటే అడ్డకోత, మొనను చూడాలంటే నిలువుకోత. రెండూ వచ్చినవారు మధ్యలో మార్చుకుంటారు, ఏటవాలుగా పెట్టే మూడో పద్ధతి వాడేవారూ ఉన్నారు.

ముందుగా స్కాన్ చేసి, చర్మం మీద పెన్నుతో గుర్తు పెట్టి, ప్రోబు పక్కన పెట్టేసి గుచ్చడం కూడా కొన్నిచోట్ల ఉంది. దాన్నీ "స్కానింగ్ చూసి వేశాం" అనే అంటారు. సిర ఎక్కడుందో ముందే తెలుసుకోవడం మంచిదే. కానీ సూది లోపల ఎటు పోతోందో ఈ పద్ధతి చూపదు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

వైరు దగ్గర ఒక్క నిమిషం

సూదిలోకి రక్తం వచ్చింది. సిరదేనా? ఎర్రగా, చిమ్ముకుంటూ వస్తే ధమనిదని, నల్లగా నెమ్మదిగా వస్తే సిరదని పాతకాలపు గుర్తు. రక్తపోటు బాగా పడిపోయి షాక్‌లో ఉన్న రోగిలో, ఆక్సిజన్ తగ్గిన రోగిలో ధమని రక్తం కూడా నల్లగా, చిమ్మకుండా రావచ్చు. ఐసీయూలో ఉండేది అలాంటి రోగులే కాబట్టి, ఆ గుర్తు అవసరమైన చోటే మోసం చేస్తుంది.

పొరపాటున ధమనిలో సూది గుచ్చుకుంటే, సూది తీసి గట్టిగా అదిమిపెడితే చాలావరకు సర్దుకుంటుంది. ధమనిలో డైలేటరు దింపితే సంగతి వేరు. 18 గేజి సూది బయటి వ్యాసం 1.27 మిల్లీమీటర్లు. గొట్టాల లావును ఫ్రెంచ్ అనే కొలతలో చెబుతారు, మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు. 12 ఫ్రెంచ్ డయాలిసిస్ గొట్టం నాలుగు మిల్లీమీటర్ల లావు. వ్యాసం మూడు రెట్లకు పైగా పెరిగితే రంధ్రం వైశాల్యం దాదాపు పది రెట్లవుతుంది. మెడ ధమనిలో అంత రంధ్రం పడితే అదిమితే ఆగకపోవచ్చు, పక్షవాతానికీ దారితీయవచ్చు. అందుకే పెద్ద గొట్టం ధమనిలో పడిందని తెలిస్తే లాగేయకుండా అలాగే ఉంచి, రక్తనాళాల సర్జన్‌ను పిలవడం సరైన పద్ధతిగా పరిగణిస్తారు.

సూదికీ డైలేటరుకూ మధ్య ఉన్నది వైరు. అక్కడ ఆగి, ప్రోబు పెట్టి, వైరు సిరలోనే ఉందని అడ్డంగానూ పొడవునా కిందిదాకా చూసుకుంటే ఆ పెద్ద ప్రమాదం చాలావరకు తప్పుతుంది. మొత్తం ప్రక్రియలో యంత్రం చేసే అతి విలువైన పని ఇదేనని నా అభిప్రాయం. హడావిడిలో ఎక్కువగా వదిలేసేది కూడా ఈ అడుగునే.

అధ్యయనాల లెక్క

ఒక అంశంపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి తూచే కోక్రేన్ సంస్థ సమీక్ష ఒకటి 2015లో వెలువడింది. అది జుగులార్ సిరపై 35 అధ్యయనాలను, 5,108 మంది రోగులను కలిపి చూసింది. అల్ట్రాసౌండ్ వాడినప్పుడు మొత్తం దుష్పరిణామాలు 71 శాతం, పొరపాటున ధమనిలో గుచ్చుకోవడం 72 శాతం తగ్గాయని, మొదటి ప్రయత్నంలోనే విజయం 57 శాతం పెరిగిందని తేల్చింది.

ఈ శాతాలను ఎలా చదవాలి? ఒక ఆస్పత్రిలో పాత పద్ధతిలో నూరు లైన్లకు పదింటిలో ధమని గుచ్చుకుంటోందనుకోండి. 72 శాతం తగ్గితే మూడుకు దిగుతుంది, ఏడుగురు తప్పించుకున్నట్లు. చేయి తిరిగిన వైద్యులున్న మరోచోట అది నూటికి రెండే అనుకోండి. అదే 72 శాతంతో తప్పించుకునేది ఒకరు, మహా అయితే ఇద్దరు. అనుభవజ్ఞులు "నాకు పెద్ద తేడా కనిపించలేదు" అనడం అబద్ధం కాదు, యువ వైద్యులు "ఇది లేకుండా చేయలేం" అనడమూ అబద్ధం కాదు. కష్టమైన మెడ ఎవరిదో ముందే తెలియదు కాబట్టి, నేను రెండోవైపే మొగ్గుతాను.

అదే ఏడాది సబ్‌క్లేవియన్ సిరపై వచ్చిన కోక్రేన్ సమీక్ష ఇంత గట్టిగా మాట్లాడలేదు. ధమని గాయాలు, రక్తం పేరుకోవడం తగ్గాయన్నా, మొత్తంగా మేలు కొద్దిపాటిదేనని, ఆధారాల నాణ్యత అంత బలంగా లేదని చెప్పింది. కారణం కాలర్ ఎముక. ధ్వని ఎముకను దాటలేదు, సిర దాని నీడలో దాక్కుంటుంది. కాస్త బయటివైపు, చంక దిశగా జరిగి ఆక్సిలరీ సిరను చూసి గుచ్చేవారు ఈ అడ్డంకిని దాటుతున్నారు.

మరి జుగులార్ వేసుకుంటే సరిపోదా? ఫ్రాన్స్‌లో జరిపి 2015లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో సబ్‌క్లేవియన్ లైన్లకు రక్తంలో ఇన్‌ఫెక్షన్లు, గడ్డకట్టడం తక్కువగా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం ఎక్కువగా కనిపించాయి. సులువుగా కనిపించే సిర, ఎక్కువ రోజులు భద్రంగా ఉండే సిర ఒకటే కావాలని లేదు. కిడ్నీ రోగుల్లో మాత్రం సబ్‌క్లేవియన్‌ను వీలైనంత వదిలేస్తారు. ఆ సిర ఇరుకైతే ఆ చేతిలో రేపటి ఫిస్టులా పనికిరాదు.

ఇన్‌ఫెక్షన్ విషయంలో అల్ట్రాసౌండ్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఐసీయూ లైన్ల ఇన్‌ఫెక్షన్లు అమాంతం తగ్గాయని 2006లో ప్రకటించినప్పుడు, అక్కడ చేసినవి చేతులు కడగడం, ఒళ్లంతా కప్పే శుభ్రమైన వస్త్రాలు, క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ మందుతో చర్మం తుడవడం, గజ్జల దారి మానుకోవడం, అవసరం తీరిన లైను తీసేయడం. యంత్రం వాడితే శుభ్రతలో పని పెరుగుతుంది. ప్రోబుకు స్టెరైల్ తొడుగు, స్టెరైల్ జెల్ కావాలి.

పాత విద్యను వదిలేయాలా?

2002లో బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్, ముందుగా అనుకుని వేసే జుగులార్ లైన్లకు అల్ట్రాసౌండ్‌నే మొదట ఎంచుకోవాలని సూచించింది. అక్కడి మత్తు వైద్యుల్లో చాలామంది అభ్యంతరం చెప్పారు. యంత్రాలు లేవన్నారు, డబ్బు ఎక్కడిదన్నారు. కరెంటు పోయిన రాత్రి, యంత్రం పాడైన రోజు ఏం చేస్తామన్న ప్రశ్న అన్నిటికంటే బలమైనది. గుర్తులతో వేయడం అలవాటు తప్పితే అత్యవసరంలో చేయి ఆడదు.

ఈ భయంలో నిజముంది. అయితే పాత విద్యను నిలబెట్టడానికి, యంత్రం అందుబాటులో ఉన్న రోగి మెడ మీద కళ్లు మూసుకుని సాధన చేయడం న్యాయమా అన్నది అవతలి ప్రశ్న. కొన్ని శిక్షణ కేంద్రాలు మధ్యేమార్గం పట్టాయి. ముందు వేళ్లతో తడిమి సిర ఎక్కడుందో ఊహించి చెప్పాలి, తర్వాత ప్రోబు పెట్టి సరిచూసుకోవాలి, గుచ్చడం మాత్రం చూస్తూనే. మొనను వెంబడించడం జెల్ దిమ్మెలో దించిన రబ్బరు గొట్టాల మీద సాధన చేశాకే రోగి దగ్గరికి రావాలి. రెండు విద్యలూ బతికే దారి ఇదని నాకు అనిపిస్తుంది.

స్కానింగ్ యంత్రం, 1994 చట్టం

మన దేశంలో ఈ చర్చకు ప్రత్యేకమైన మలుపు ఒకటుంది. స్కానింగ్ అనగానే మనకు గుర్తొచ్చేది గర్భిణి. కడుపులో ఉన్నది ఆడపిల్ల అని తెలుసుకుని తుంచేసే దారుణాన్ని ఆపడానికి 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టం వచ్చింది, 2003లో దాన్ని మరింత బిగించారు. 2001 జనగణనలో ఆరేళ్లలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 927 మందే. చట్టం ఎంత అవసరమో చెప్పడానికి ఆ ఒక్క అంకె చాలు.

ఆ చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రాన్నీ నమోదు చేయించాలి, చేతితో మోసుకెళ్లే యంత్రాలను ఒకచోటి నుంచి మరోచోటికి తరలించడంపై ఆంక్షలున్నాయి. ఐసీయూలో మెడ సిర చూసే యంత్రానికీ ఇవే నిబంధనలు. చిన్న పట్టణంలోని ఆస్పత్రి ఈ కాగితాల బాధ ఎందుకని యంత్రమే కొనకపోతే, దాని ఖరీదు చెల్లించేది లైను అవసరమైన రోగి.

మత్తు వైద్యులు, ఐసీయూ వైద్యులు చెప్పే వాదన ఇదీ: మేం వాడే బల్లపరుపు ప్రోబు నాలుగైదు సెంటీమీటర్లకు మించి సరిగా చూడలేదు, గర్భాన్ని పరీక్షించడానికి పనికిరాదు, కాబట్టి మా యంత్రాలను వేరుగా చూడండి. అటువైపు వాదనా తేలికైనది కాదు. చాలా యంత్రాలకు ప్రోబు ఊడదీసి మరొకటి తగిలించడం క్షణం పని, ఇవాళ మెడను చూసిన యంత్రమే రేపు తలుపు వేసిన గదిలో కడుపును చూడగలదు. మరో ప్రోబు అతకని, ఆ ఒక్క పనికే పనికొచ్చే యంత్రాలను తయారుచేసి, వాటికి సులభమైన నమోదు ఇవ్వడంలో ఆడపిల్లకూ ఐసీయూ రోగికీ ఇద్దరికీ రక్షణ ఉందని నేను నమ్ముతున్నాను. అది వచ్చేదాకా, నమోదు చేసిన యంత్రం రేడియాలజీ గదిలో తాళం వెనక కాకుండా రాత్రి రెండు గంటలకు కూడా ఐసీయూ మంచం దగ్గరికి చేరేలా చూసుకోవడం ఆస్పత్రుల చేతుల్లోని పనే.